మూడేళ్ల నడుంనొప్పి, ఎక్సర్‌సైజ్ రెండ్రోజులకే ఆగిపోతోంది అన్నారు కదా, నా అనుభవం ఇది

మీ ప్రశ్న చదువుతుంటే నా గురించే ఎవరో రాసినట్టుందండి. మూడేళ్లుగా నడుంనొప్పి, డాక్టర్ ఎక్సర్‌సైజ్ చేయమన్నారు, రెండ్రోజులు చేస్తారు, మూడోరోజు పట్టేస్తుంది, మానేస్తారు, చివర్లో బెల్టు కొనుక్కోవాలా అని కూడా అడిగారు. నాది ఆరేళ్ల పైన కథ. విశాఖపట్నం సీతమ్మధారలో ఉంటాం, ద్వారకానగర్లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, వయసు 47. నేను డాక్టర్ని కాదు, నాకు జరిగింది చెప్తా, పనికొచ్చింది తీసుకోండి. ఒకవేళ కాల్లో బలం తగ్గడం, తొడల మధ్య మొద్దుబారడం, యూరిన్ కంట్రోల్ తప్పడం, జ్వరం, ఊరికే బరువు తగ్గిపోవడం లాంటివి ఉంటే మాత్రం ఇది చదవడం ఆపి హాస్పిటల్‌కి వెళ్లండి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆపింది భయమే. 2019లో ఎమ్మారై తీయిస్తే ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుం కింది భాగంలో, డిస్క్ బల్జ్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు లాంటిది కాస్త బయటికి ఉబ్బడం) అని వచ్చింది. రిపోర్టు చూసినాయన "అరిగిపోయిందమ్మా, వంగకు, బరువెత్తకు, కింద కూర్చోకు" అన్నారు, ఇంక అంతే, చెంచా కింద పడితే తీయడానికి కూడా మా అబ్బాయిని పిలిచేదాన్ని. అలా ఏడాదిన్నర వంగకుండా బతికితే నడుం కర్రలా బిగుసుకుపోయి, వాష్‌బేసిన్ దగ్గర మొహం కడుక్కోవాలంటే ఒక చెయ్యి గోడకి ఆనించాల్సొచ్చేది.

తర్వాత ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లా. ఆవిడ చెప్పిందేంటంటే, నొప్పే లేనివాళ్లకి స్కాన్ తీసినా నలభై ఏళ్ల వయసులో సగం మందికి బల్జ్ కనిపిస్తుంది, ఎనభైల్లో అయితే 84 శాతం మందికి అని. నేను నమ్మక ఇంటికొచ్చి వెతికితే 2015లో చాలా స్టడీలు కలిపి చూసి తేల్చిన లెక్కేనట అది. "జుట్టు నెరిసినట్టే అనుకోమ్మా" అంది ఆవిడ. ఆ ఒక్క ముక్క నాకు మాత్రలకన్నా ఎక్కువ పనిచేసింది.

అయినా మొదటిరోజు వణికిపోయా. దివాన్ కాట్‌కీ టీవీ స్టాండ్‌కీ మధ్య ఉన్న కాస్త జాగాలో చాప వేసుకుని, చిన్నపిల్లలు ఏనుగాట ఆడినట్టు చేతులూ మోకాళ్ల మీద నిలబడి, కుడిచెయ్యి ముందుకీ ఎడమకాలు వెనక్కీ చాపాలి. కాలు జానెడు లేచిందో లేదో నడుంలో టక్‌మంది. అయిపోయింది రా బాబూ అనుకుని అలాగే చాప మీద పడుకుని ఫ్యాన్ వైపు చూస్తున్నా. రెండు నిమిషాలయ్యింది, ఏమీ కాలేదు. లేచి ఎడమచెయ్యి వంతు చేశా.

ఫిజియో ఇచ్చిన కాగితంలో 11 ఎక్సర్‌సైజులు ఉండేవి, ఫ్రిజ్‌కి అంటించా, దాని మీద పప్పు మరకలు పడ్డాయి తప్ప వారం గడవలేదు, అన్నీ చేయలేం కాబట్టి ఒక్కటీ చేయను అన్నట్టు తయారయ్యా. చివరికి ఆవిడనే అడిగి రెండే ఉంచుకున్నా, ఈ ఏనుగాటదీ, పడుకుని నడుం పైకెత్తేదీ. ఎనిమిది నిమిషాలు. పక్కన అత్తయ్యగారు, "పొద్దున్నుంచీ ఇంటిపని చేస్తూనే ఉన్నావు, మళ్లీ ఇదెందుకు" అనేవారు. ఆవిడ తప్పు కాదు, నాకూ అలాగే అనిపించేది.

మీరు చెప్పిన మూడోరోజు పట్టేయడం నాకు బాగా తెలుసు. నొప్పి లేని రోజు దొరికితే ఆకలిగా ఉన్నవాళ్లం భోజనం మీద పడ్డట్టు పడతాం. ఒక సంక్రాంతికి హుషారుగా ఉందని ఇల్లంతా బూజులు దులిపి, పరుపులు ఎండేసి, సాయంత్రం రెండు కిలోల పిండితో అరిసెలు చేసి, భోగిమంట చూడ్డానికి కూడా లేవలేకపోయా. ఎక్సర్‌సైజ్ కూడా అలాగే చేసేదాన్ని, బాగుంటే గంట, బాగోకపోతే సున్నా. ఫిజియో ఒక కొలత చెప్పింది, నొప్పికి పదికి ఇన్ని అని మార్కులేసుకుంటే నాలుగు దాకా అయితే చేసుకోవచ్చు, మర్నాటికి మామూలుకి రావాలి, రాకపోతే తగ్గించాలి గానీ మానకూడదు అని. బాగున్న రోజు కూడా ఎనిమిది నిమిషాలకే ఆపేయడం నాకు అన్నిటికన్నా కష్టమైంది, నిజంగా.

నడక సంగతి. అందరూ బీచ్‌రోడ్డుకి వెళ్లు, పొద్దున్నే బళ్లు ఆపేస్తారు, హాయిగా ఉంటుంది అంటారు. బాగానే ఉంటుంది, కానీ అక్కడికి వెళ్లాలంటే స్కూటీ తీయాలి, దారిలో స్పీడ్‌బ్రేకర్లు, పైగా మన ఉక్క సంగతి తెలిసిందే, ఏడు దాటితే స్నానం చేసినట్టు తడిసిపోతాం. నాలుగురోజులు వెళ్లి మానేశా. నన్ను నిలబెట్టింది రైతుబజారు. పైపోర్షన్ పిన్నిగారు రోజూ ఆరింటికి దిగి "ఏటమ్మా, వస్తావా రావా, మంచి వంకాయలు అయిపోతాయి" అని గుమ్మం ముందు నిలబడేది. నడుం కోసం లేవని మనిషిని వంకాయల కోసం లేచేదాన్ని. వెళ్లేటప్పుడు పావుగంట నడక, వచ్చేటప్పుడు ఎత్తు ఎక్కాలి. మొదట సంచి ఆవిడే మోసేది, తర్వాత కొత్తిమీర నేను, తర్వాత కిలో, ఇప్పుడు రెండు చేతుల్లో రెండు సంచులు. 2024లో ఆస్ట్రేలియాలో 701 మందితో చేసిన పరీక్ష గురించి చదివా, నొప్పి తగ్గినవాళ్లు క్రమంగా నడక పెంచుకుంటూ పోతే మళ్లీ నొప్పి రావడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టిందట, నడక ప్రోగ్రాం లేనివాళ్లకి 112. అంటే వాళ్లకీ మళ్లీ వచ్చింది, కాకపోతే ఆలస్యంగా. నాకూ ఏడాదికోసారి పట్టేస్తుంది, ఇప్పుడు కంగారుపడను.

ఇంకోటి, పాల లెక్క రాసుకునే క్యాలెండర్లోనే ఎక్సర్‌సైజ్ చేసినరోజు ఒక చుక్క పెట్టుకునేదాన్ని. నెలలో పదిహేను చుక్కలుంటే చాలు, ముప్ఫై ఉండాలనుకుంటే నాలుగోరోజే ఓడిపోతాం. పోయిన ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణకి కూడా వెళ్లా. 32 కిలోమీటర్లు నావల్ల కాదు లెండి, హనుమంతవాకలో జనంలో కలిసి అప్పుఘర్ దాకా నడిచి, దారిలో ఇచ్చిన మజ్జిగ తాగి ఇంటికొచ్చేశా. మా అబ్బాయికి ఫొటో పంపితే నమ్మలేదు.

బెల్టు సంగతి అడిగారు కదా. దీర్ఘకాలం నడుంనొప్పికి బెల్టులు వద్దని డబ్ల్యూహెచ్‌వో 2023 గైడ్‌లైన్స్‌లోనే ఉంది. నేను 1,200 పెట్టి కొన్నా, మే నెలలో కట్టుకుంటే నడుం చుట్టూ చెమటకాయలు లేచాయి. ఇప్పుడు అటక మీద బొంతలు చుట్టి కట్టడానికి వాడుతున్నాం, దానికైతే చాలా గట్టిగా ఉంది.