వడ్ల ట్రాలీ చీకట్లో కనిపించాలంటే... రోడ్డు భద్రతపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: యాసంగి వడ్లు మిర్యాలగూడ మిల్లులకు తోలుతున్నాం. రాత్రిపూట పోక తప్పదు. ట్రాలీ వెనక లైట్లు ఊరికే పాడవుతున్నాయి. రేడియం స్టిక్కర్లు అంటిస్తే సరిపోదా? (ఒక రైతు, హాలియా)

సరిపోదు. రేడియం దానంతటది వెలగదు, వెనక వచ్చే బండి లైటు పడితేనే మెరుస్తుంది. డిప్ లైటులో బైకు మనిషికి సరిగ్గా కనిపించేది సుమారు 40, 50 మీటర్ల వరకే. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. చూసి, తేరుకుని, బ్రేకు వేసి బండి ఆపేసరికి ఆ 40 మీటర్లూ అయిపోతాయి. 80 వేగంతో వచ్చేవాడికైతే ఆ దూరం ఏమాత్రం చాలదు. అందుకే లైటూ ఉండాలి, రేడియమూ ఉండాలి.

లైట్లు మాటిమాటికీ పోతుంటే ముందు ఎర్త్ చూపించండి. చాలా ట్రాలీలకు ఎర్త్ వైరు విడిగా ఉండదు, హుక్కు ఇనుము మీదుగానే కరెంటు తిరిగి వస్తుంది. అక్కడ గ్రీజు, తుప్పు చేరితే లైటు మసకబారుతుంది. ఇండికేటర్ వేసినప్పుడు పక్క బల్బు కూడా కొట్టుకుంటోందంటే ఎర్త్ తప్పినట్టే. ట్రాక్టర్ సాకెట్ నుంచి వెనక లైటు దాకా విడిగా వైరు లాగించండి. దాన్ని ఛాసిస్‌కు బిగించి కట్టాలి, వేలాడితే టైరుకు రాసుకుని తెగుతుంది.

రేడియం వెనక ఎరుపు, పక్కలకు పసుపు, ముందు తెలుపు. 5 సెంటీమీటర్ల వెడల్పు పట్టీని ట్రాలీ ఈ చివర నుంచి ఆ చివర దాకా అంటిస్తే బండి వెడల్పు తెలుస్తుంది. మధ్యలో ఒక్క ముక్క అంటిస్తే వెనకవాడు బైకు అనుకుని పక్క నుంచి దూరబోతాడు. చాలామంది డోరు మీద ఒక్కటే అంటిస్తారు. డోరు దించి గొలుసుకు వేలాడదీస్తే, లేదా గడ్డి లోడు కిందికి జారితే అది కనిపించదు. కాబట్టి డోరు కింది ఛాసిస్ కమ్మీకి కూడా వేయండి. తుప్పు గీకి, కడిగి, పూర్తిగా ఆరాకే అంటించాలి. దుమ్ము మీద అంటిస్తే రెండు వానలకే ఊడుతుంది. దమ్ము చేసి వచ్చిన రోజు తడిగుడ్డతో తుడవడం మరవకండి, బురద పట్టిన రేడియం ఉన్నా లేనట్టే.

దారిలో టైరు పంక్చరైతే బండిని తారు మీద నుంచి పూర్తిగా దించండి. వెనక కనీసం 50 మీటర్ల దూరంలో ఎర్ర త్రికోణం పెట్టండి. చక్రాలకు పెట్టిన రాళ్లను పోయేటప్పుడు తప్పకుండా తీసెయ్యాలి. రాత్రి ఆ రాయి బైకు ముందు చక్రానికి తగిలితే మనిషి బతకడం కష్టం.

ప్రశ్న: దేవరకొండ వైపు రోడ్డు మీద వడ్లు ఆరబోస్తున్నారు. బైకు జారుతోంది. ఎట్లా నడపాలి?

వడ్ల గింజలు టైరు కింద గోలీల్లా దొర్లుతాయి, టైరుకు రోడ్డు అందదు. అందుకే వేగం గింజల దగ్గరికి రాకముందే తగ్గించాలి. గింజల మీద ముందు చక్రం బ్రేకు పట్టొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు, బండిని వంచొద్దు. ఎక్సిలేటర్ వదిలి, తిన్నగా పోనివ్వండి. రాత్రి ఇంకా ప్రమాదం: కుప్ప మీద నల్ల టార్పాలిన్, చుట్టూ రాళ్లు. రెండూ లైటుకు దొరకవు.

ఆరబోసే అన్నలకు కూడా ఒక మాట. కల్లం జాగా లేని కష్టం నిజమే, అయినా రోడ్డు కల్లం కాదు. పొద్దుగూకేలోపు వడ్లు ఎత్తండి, మూలమలుపుల దగ్గర అసలు పోయకండి.

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు. బైకు మీద ట్యాంకు పైన కూర్చోబెడతాం. హెల్మెట్ అవసరమా? (ఒక తల్లి, మహబూబ్‌నగర్)

అవసరమే. 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, తొమ్మిది నెలలు దాటి నాలుగేళ్లలోపు పిల్లలకు హెల్మెట్, పిల్లలను నడిపేవారికి కట్టే బెల్టు రెండూ ఉండాలి. వేగం 40 దాటకూడదు. నాలుగేళ్లు దాటితే హెల్మెట్ అందరిలాగే తప్పనిసరి. ట్యాంకు మీద మాత్రం వద్దు. హఠాత్తుగా బ్రేకు వేస్తే పిల్లవాడి ఛాతీ హ్యాండిల్‌కు తగులుతుంది, వెనక నుంచి మీ బరువు వాడి మీద పడుతుంది.

కనుబొమల పైన టేపుతో తల చుట్టుకొలత తీసుకుని సైజు కొనండి. పెద్దవాళ్ల హెల్మెట్ పెడితే కళ్ల మీదికి జారుతుంది. గడ్డం పట్టీ కింద రెండు వేళ్లకు మించి జాగా ఉండొద్దు. ఒకసారి గట్టిగా కింద పడిన హెల్మెట్ లోపలి థర్మకోల్ నలిగిపోతుంది, పైకి బాగున్నా మార్చాల్సిందే. మీరు వెనక కూర్చుంటే కొంగును, చున్నీని నడుముకు చెక్కి ముడి వేయండి. శారీ గార్డు తీసేసిన బండి మీద చీర కట్టుకుని కూర్చోకండి.

ప్రశ్న: నాన్నగారు తెల్లవారుజామున రోడ్డు వెంట నడకకు పోతారు. ఏ పక్కన నడవాలి?

ఫుట్‌పాత్ లేని చోట కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా. తెల్ల బట్టలు, చేతిలో టార్చ్.

ప్రశ్న: 44వ నంబరు హైవే మీద ప్రమాదం చూస్తే సాయం చేయాలని ఉంటుంది. కేసులో ఇరుక్కుంటామా?

ఇరుక్కోరు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్, మంచి మనసుతో సాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది. మీ పేరు చెప్పాలని ఎవరూ బలవంతం చేయకూడదు. ముందు 108కి ఫోన్ చేయండి, జాతీయ రహదారి అయితే 1033కి కూడా చేయొచ్చు. దెబ్బ తగిలినవారికి నీళ్లు తాగించొద్దు, స్పృహ సరిగ్గా లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెడ కదిలించొద్దు, ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగొద్దు. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ మడిచి గట్టిగా అదిమి పట్టుకోండి, మధ్యమధ్య తీసి చూడకండి. జడ్చర్ల దాటాక, భూత్పూర్ దగ్గర అంటే అంబులెన్సుకు చోటు తెలియదు. పక్కనున్న కిలోమీటరు రాయి మీది అంకె, హైదరాబాద్ వైపా కర్నూలు వైపా అన్నది చెప్పండి.