నలభై ఏళ్ల వయసులో షుగర్ బయటపడితే అది టైప్ 1 అవుతుందా, టైప్ 2 అవుతుందా?

పెద్ద వయసులో బయటపడే షుగర్ ఎక్కువ మందిలో టైప్ 2 అయినా, వయసును బట్టో రక్తంలో చక్కెర అంకెను బట్టో దాన్ని ఖాయం చేయలేం. అనుమానం ఉంటే గాడ్ యాంటీబాడీ, సి-పెప్టైడ్ పరీక్షలు చేయించాలి.

హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపుతుంది, కారణాన్ని కాదు. టైప్ 2లో ఇన్సులిన్ తయారవుతుంది గానీ ఒంటికి సరిగా పట్టదు. టైప్ 1లో మన రోగనిరోధక వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను దెబ్బతీస్తుంది. పెద్దవాళ్లలో ఈ దాడి ఒక్కోసారి నెమ్మదిగా సాగుతుంది. దాన్నే లాడా అంటారు. గాడ్ పరీక్ష ఆ దాడి ఆనవాలును పట్టుకుంటుంది. క్లోమం ఇంకా ఎంత ఇన్సులిన్ తయారు చేస్తోందో సి-పెప్టైడ్ చెబుతుంది.

భీమవరం వైపు రొయ్యల చెరువు దగ్గర పనిచేసే 38 ఏళ్ల బక్కపలచని మనిషిని ఊహించండి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతో ఐదారు నెలలు అంతా అదుపులోనే ఉంది. తర్వాత తిండి మారకపోయినా పరగడుపు చక్కెర 250 దాటింది, బెల్టుకు రెండు కొత్త రంధ్రాలు పొడవాల్సి వచ్చింది. గాడ్ పాజిటివ్‌గా, సి-పెప్టైడ్ తక్కువగా వస్తే ఇది టైప్ 1 కిందే లెక్క. సన్నగా ఉండటం ఒక్కటే రుజువు కాదు; మన దేశంలో సన్నటి టైప్ 2 వాళ్లూ చాలామందే.

ఇన్సులిన్ రాశారంటే టైప్ 1 అనుకోవడం పొరపాటు. టైప్ 2లోనూ చక్కెర బాగా పెరిగితే కొన్నాళ్లు ఇస్తారు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కలిసి వస్తే మాత్రం రకం తేలేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.