ట్యాంకర్లు రాని రోజు మా చిన్న బంకులో పెట్రోల్ ఎలా పంచామంటే

మీరు అడిగింది ఇదీ: మీ నాన్నగారికి ఊళ్లో చిన్న పెట్రోల్ బంక్ ఉంది, ట్యాంకర్లు ఆగిపోతే ఉన్న కాస్త స్టాక్‌ని ఎలా పంచాలి, ముందొచ్చినవాళ్లకి అడిగినంత పోసేసి అయిపోయాక 'నో స్టాక్' బోర్డు పెట్టేస్తే సరిపోదా అని. సరిపోదండీ. 2024 జనవరిలో నేను మొదట చేసింది అదే కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

మాది నిజామాబాద్ జిల్లాలో ఒక మండల కేంద్రం. బంక్ మా చిన్నాయనది. నలుగురు సేల్స్‌మెన్ ఉంటారు, ఇండెంట్లు (అంటే లోడ్ ఆర్డర్లు), లెక్కలు నేను చూస్తాను. అప్పటి లారీ డ్రైవర్ల సమ్మె మీకు గుర్తుండే ఉంటుంది. నిర్లక్ష్యంగా నడిపి యాక్సిడెంట్‌లో ఒకరి ప్రాణం తీసి, పోలీసులకో మేజిస్ట్రేట్‌కో చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు అని కొత్త భారతీయ న్యాయ సంహితలో 106(2) సెక్షన్ పెట్టారు, పాత ఐపీసీలో అయితే 304ఎ కింద రెండేళ్లే. దాంతో జనవరి 1న లారీలు ఆగాయి, ఆయిల్ ట్యాంకర్ల డ్రైవర్లు కూడా స్టీరింగ్ వదిలేశారు. మాకు లోడ్ వచ్చేది హైదరాబాద్ పక్కన చర్లపల్లిలో ఉన్న ఆయిల్ డిపో నుంచి. డిసెంబర్ 31 ఆదివారం, ఆ మర్నాడు న్యూ ఇయర్, రెండు రోజులూ అమ్మకాలు బాగా జరిగి ట్యాంకులు అప్పటికే దిగి ఉన్నాయి. 2వ తేదీ లోడ్ వస్తుందని ధీమాగా ఉన్నాను. పొద్దున ఫోన్ చేస్తే బండి డిపో గేటు దాటలేదన్నారు.

మంగళవారం పదకొండున్నరకి హైదరాబాద్ బంకుల ముందు లైన్ల వీడియోలు ఫోన్లలో తిరగడం మొదలైంది. పదిహేను నిమిషాల్లో మా ముందు రోడ్డు నిండిపోయింది. అప్పుడు పెట్రోల్ ట్యాంకులో 3,400 లీటర్లు ఉంది. మామూలు రోజు మేము అమ్మేది రెండు వేలు. అంటే నిజానికి భయపడాల్సిన పరిస్థితి కాదు. కానీ నిన్న 100 కొట్టించుకున్న బండే ఈరోజు ఫుల్ ట్యాంక్ అంటుంది, ఇంట్లో మూలనపడ్డ స్కూటీ కూడా లైన్లోకి వస్తుంది. అడిగినవాళ్లకి అడిగినంత పోశాం. ఒంటిగంటకి చూసుకుంటే 800 లీటర్లు పోయింది, తీసుకున్న బండ్లు గట్టిగా తొంభై. లైన్లో ఇంకా రెండు వందల బండ్లున్నాయి. ఇదే లెక్కన పోతే సాయంత్రం నాలుగున్నరకల్లా అమ్మగలిగిందంతా ఖాళీ. మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్లాల్సిన టీచర్, పాలు పోసుకునేవాడు, కూలి పనికి ఇరవై కిలోమీటర్లు బండి మీద పోయేవాడు ఏం కావాలి?

అప్పుడు పది నిమిషాలు నాజిల్స్ ఆపించాను. జనం అరిచారు, అరవనీ అనుకున్నాను.

మొదట ట్యాంకులో ఉన్నదంతా అమ్మడానికే అనుకోకండి. అడుగున కొంత ఎప్పుడూ వదిలేయాలి. అక్కడ చెత్త, మడ్డి చేరుతుంది, పంపు గాలి పీలుస్తుంది. పైగా ఇప్పుడొచ్చే పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది కాబట్టి అడుగున కాస్త నీరు ఉన్నా ఆ ఇథనాల్‌తో కలిసి కిందికి విడిపోతుంది. అది బండ్లలోకి వెళ్తే మర్నాడు మీ బంకు ముందు లైన్ ఇంకోలా ఉంటుంది. మా ట్యాంకుకి నేను 800 లీటర్లు వదిలేస్తాను. 2,600లో అది పోతే చేతిలో ఉన్నది 1,800. మళ్లీ లోడ్ ఎప్పుడొస్తుందో తెలియదు, కనీసం రెండు రోజులు లాగాలి.

బైక్‌కి 200 రూపాయలు, కారుకి 500 రూపాయలు అని పెట్టాం. అప్పటి రేటు మీద బైక్‌కి సుమారు లీటరు ముప్పావు, కారుకి నాలుగున్నర లీటర్లు. అదేరోజు చండీగఢ్‌లో అక్కడి అధికారులే బైక్‌కి 2 లీటర్లు, 200 రూపాయలు, కారుకి 5 లీటర్లు, 500 రూపాయలు మించకూడదని ఆర్డర్ ఇచ్చారని రాత్రి వార్తల్లో చూశాను. మాకు ఎవరూ చెప్పలేదు, మేమే పెట్టుకున్నాం.

పరిమితిని లీటర్లలో కాకుండా రూపాయల్లో పెట్టండి. పంపు మీద 200 అని నొక్కితే అంకె చేరగానే దానంతటదే ఆగిపోతుంది, కుర్రాడితో బేరం ఆడే పని ఉండదు. రెండు వందల నోటు తీసి చేతిలో పెట్టుకోమని లైన్లో ముందే కేకేసి చెప్పించాం. ఆరోజు నెట్ కూడా నెమ్మదించింది, ఒక్కో ఫోన్‌పే దగ్గర నిమిషం నిమిషం పోతుంటే వెనక వాళ్ల ఓపిక నశించేది. నోట్లు ఉన్నవాళ్లని ఒక నాజిల్‌కి, స్కాన్ చేసేవాళ్లని ఇంకో నాజిల్‌కి మళ్లించాక లైన్ కదిలింది.

ఇవన్నీ చేసినా గొడవ ఆగలేదు. అసలు విషయం ఇక్కడుంది. జనానికి కోపం 200 మీద కాదని నాకు కాసేపటికి అర్థమైంది. లోపల నిండా ఉంది, దాచిపెట్టి రేపు బ్లాకులో అమ్ముకుంటారు అన్న అనుమానం మీద కోపం. ఒకాయన నా మొహం మీదే అన్నాడు, "నీ ట్యాంకుల ఎంతుందో మాకేమెరుక బిడ్డా, నువ్వు చెప్పిందే నమ్మాలె గదా" అని. ఆయన మాట న్యాయమే.

లైన్లోంచే ముగ్గురిని పిలిచాను, ఆయన్ని కూడా. సిగరెట్, ఫోన్ పక్కన పెట్టించి ట్యాంకు మూత దగ్గరికి తీసుకెళ్లాను. డిప్ రాడ్ తెలుసుగా, అంకెలు చెక్కిన పొడుగాటి ఇత్తడి కడ్డీ. పాత గుడ్డతో తుడిచి, మట్టం ఉంటుందనుకున్న చోట సుద్దముక్క రాసి, నెమ్మదిగా అడుగు తగిలేదాకా దించి పైకి తీశాను. తడిసిన చోట సుద్ద రంగు మారుతుంది, పెట్రోల్ గాలికి ఆరిపోతుంది కాబట్టి వెంటనే చదవాలి. ఆ పెద్దాయన వంగి తనే అంకె చదివాడు. ట్యాంకు చార్ట్‌లో ఆ సెంటీమీటర్ల ఎదురుగా ఎన్ని లీటర్లుందో వేలు పెట్టి చూపించాను. తర్వాత ఒక అట్టముక్క మీద మార్కర్‌తో 'ఇప్పుడున్నది 2,600. అడుగున వదిలేది 800. అమ్మేది 1,800. బైక్ 200, కారు 500' అని రాసి పంపు స్తంభానికి కట్టాం. ఆయన లైన్లోకి వెళ్లి మేము అడక్కుండానే అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. ప్రతి రెండు గంటలకీ డిప్ తీసి పాత అంకె కొట్టేసి కొత్తది రాశాం, ప్రతిసారీ లైన్లోంచి ఎవరో ఒకరు వచ్చి చూసేవాళ్లు. నేను గంటసేపు దండం పెట్టి చెప్పినా తగ్గని అరుపులు ఆ అట్టముక్కతో తగ్గాయి. మీ నాన్నగారికి ఇంకేం చెప్పినా చెప్పకపోయినా ఇది మాత్రం చెప్పండి.

తప్పు కూడా చెప్తాను. మూడున్నరకి మా మేనమామ కారు వేసుకొచ్చాడు, కూతురి అత్తగారింటికి వెళ్లాలట, వెనక గేటు నుంచి లోపలికి తెచ్చాడు. నేను కాదనలేక రెండు వేలకి కొట్టించాను. లైన్లో ముందున్న వాళ్లంతా చూశారు. ఆ అట్టముక్క మీద రాసిన మాటకి ఇక విలువేముంది? ఇరవై నిమిషాలు బంక్ మూసేయాల్సి వచ్చింది, మా కుర్రాడి చొక్కా చిరిగింది. చిన్నాయన వచ్చి అందరి ముందు క్షమాపణ అడిగి, వెనక గేటుకి తాళం వేసి తాళంచెవి తన జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత సర్పంచ్ వచ్చినా, మా ఇంటి బండి వచ్చినా లైన్లోనే, 200కే. చుట్టాలకి ముందే ఫోన్ చేసి రావద్దని చెప్పేయండి, వచ్చాక కాదనడం చాలా కష్టం.

మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లని పట్టుకోవడానికి మడ్‌గార్డ్ మీద సుద్దతో గీత గీయించాను. తుడిచేసుకుని వచ్చారు. వదిలేశాను, ముప్పావుగంట నిలబడి ఇంకో 200 కొట్టించుకునే ఓపిక ఉన్నవాళ్లు పదిమందికి మించి లేరు. బాటిళ్లలో మాత్రం పెట్రోల్ పోయలేదు, ఎంత బతిమాలినా. రూల్ కూడా ఒప్పుకోదు, పైగా అంత జనంలో ఒక్క అగ్గిపుల్ల చాలు. మూడు కిలోమీటర్ల అవతల బండి ఆగిపోయిందని ఒకబ్బాయి బాటిల్ పట్టుకొచ్చాడు, మా కుర్రాడు తన బైక్ మీద వెంట వెళ్లి ఆ బండిని కాలితో నెట్టుకుంటూ బంకు దాకా తెచ్చాడు. లీటరుకి 150 ఇస్తామన్నవాళ్లు కూడా వచ్చారు. రేటు మీద ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా డీలర్‌షిప్ మీదికి వస్తుంది, అంతకన్నా ముందు ఊళ్లో తలెత్తుకోలేం.

డీజిల్ కథ వేరు, పల్లెటూరి బంక్ కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అది యాసంగి నాట్ల సమయం. బండికి ఇంత అని పెడితే రైతుకి అన్యాయం జరుగుతుంది, ఎందుకంటే కరిగెట (నాటుకి ముందు పొలాన్ని బురదగా దున్నడం) చేసే ట్రాక్టర్‌కి కేజ్ వీల్స్, అంటే ఇనుప చట్రాల చక్రాలు, వేసి ఉంటాయి, అది రోడ్డెక్కి బంకు దాకా రాలేదు. డీజిల్ డబ్బాలోనే పోవాలి. డబ్బాలకి ఇవ్వం అని మొదట మా కుర్రాళ్లు అందరినీ తిప్పి పంపేశారు. ఒక రైతు వెళ్లకుండా అక్కడే కూర్చున్నాడు. నారు ముదిరిపోతోందట, రేపటికి నాటు కూలీలని మాట్లాడుకున్నాడట, ఈరోజు కరిగెట పూర్తి కాకపోతే కూలీలు వేరే పొలానికి పోతారు, మళ్లీ ఎప్పుడు దొరుకుతారో తెలియదు. అది విన్నాక ఒక నోట్‌బుక్ పెట్టి ఊరు, ట్రాక్టర్ ఓనర్ పేరు రాసుకుని ట్రాక్టర్‌కి రోజుకి ఒక 20 లీటర్ల డబ్బా అన్నాం. పక్క ఊళ్ల వాళ్లకి ఒకరి ట్రాక్టర్ సంగతి ఇంకొకరికి తెలుసు, కాబట్టి అబద్ధపు పేర్లు రాయించిన వాళ్లు కనపడలేదు. దూరం పోయే లారీలకి, కార్లకి డీజిల్ వెయ్యి రూపాయలకి ఆపాం. వాళ్లు ముందు ఊళ్లో ఇంకో బంక్ చూసుకోగలరు, కరిగెట మధ్యలో ఆగిన ట్రాక్టర్‌కి మేమే దిక్కు.

ఇంకో 400 లీటర్ల డీజిల్ ఎవరికీ అమ్మకుండా పక్కన పెట్టాం, 108కి, పోలీసు బండికి, ఆస్పత్రికి వెళ్లేవాళ్లకి. ఇది కూడా అట్ట మీద రాశాం, దాచినట్టు ఉండకూడదని. వారానికి మూడుసార్లు నిజామాబాద్‌కి డయాలసిస్‌కి వెళ్లే ఒకామెని తీసుకెళ్లే ఆటో వచ్చినప్పుడు లైన్లో వాళ్లే పక్కకి జరిగి దారిచ్చారు.

రాత్రి పదికి మూసేసరికి ఒంటిగంట తర్వాత అమ్మిన పెట్రోల్ 1,300 లీటర్లు, తీసుకున్న బండ్లు ఆరు వందల పైనే. మొదటి గంటన్నరలో తొంభై బండ్లకే 800 పోయిందని పైన చెప్పాను కదా, రెండూ పక్కపక్కన పెట్టి మీ నాన్నగారికి చూపించండి. ఆ రాత్రే ఢిల్లీలో కేంద్ర హోం కార్యదర్శితో లారీల సంఘం మాట్లాడి సమ్మె విరమించమంది, ఆ సెక్షన్ అమలు చేసే ముందు తమతో చర్చిస్తామని ప్రభుత్వం చెప్పిందన్నారు. కానీ విరమణ అనగానే బండి మన గేటు ముందుకు రాదు, అక్కడ లోడింగ్‌కి కూడా లైనే. మాకు 3వ తేదీ రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. ఆ రోజంతా మిగిలిన 500 లీటర్లని బైక్‌కి 100 చొప్పునే నడిపాం, తగ్గిస్తున్నామని పొద్దున ఆరింటికే అట్ట మీద రాసి పెట్టాం.

లోడ్ వచ్చాక ఆత్రపడి వెంటనే నాజిల్ ఎత్తకండి. చలానాలో రాసిన డెన్సిటీతో పోల్చి చూసుకుని, నీరు తగిలితే రంగు మారే పేస్ట్‌తో అడుగు పరీక్షించి, దించాక కాసేపు తేరనిచ్చి అప్పుడు మొదలుపెట్టాలి. మేము ఆగింది అరగంటే అయినా గేటు అవతల జనం హారన్లు కొడుతుంటే చాలా పొడుగ్గా అనిపించింది. మొదటి డబ్బా నోట్‌బుక్‌లో ముందు రోజు పేరుండి డీజిల్ అందని రైతుకి ఇచ్చాం.