నటుడు విక్రమ్‌కు స్టార్ హోదా రావడానికి పదేళ్లు ఎందుకు పట్టింది?

విక్రమ్ 1990లో తమిళంలో హీరోగానే వచ్చాడు. సినిమాలు ఆడలేదు. ఆ కాలంలో తెలుగు, మలయాళాల్లో చిన్నాపెద్దా పాత్రలు చేస్తూ, ఇతర హీరోలకు డబ్బింగ్ కూడా చెప్పాడు: 'అమరావతి'లో అజిత్‌కు, 'కాదలన్'లో ప్రభుదేవాకు. ఆ గొంతు మీద పట్టు తర్వాత ఎంత పనికొచ్చిందో 'అన్నియన్' (2005, మన 'అపరిచితుడు') చూస్తే తెలుస్తుంది. ఒకే మనిషిలోని మూడు వ్యక్తిత్వాలను గొంతు మార్చి వేరుచేశాడు.

మలుపు మాత్రం బాలా తీసిన 'సేతు'. 1999 డిసెంబరులో విడుదలై, ప్రేక్షకుల నోటి మాటతో నిలబడింది. అందులో హీరో పాత్రకు మతి చలించిన దశ కోసం విక్రమ్ గుండు చేయించుకుని బాగా బరువు తగ్గాడు. ఆపైన 'దిల్', 'జెమిని', 'ధూళ్', 'సామి' మాస్ మార్కెట్ తెచ్చాయి. 2003లోనే మాటలు దాదాపు లేని 'పితామగన్' (తెలుగులో 'శివపుత్రుడు') ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డు ఇచ్చింది. నా దృష్టిలో అదే ఆయన అత్యున్నత నటన.