రేడియో తరంగం చెవికి వినిపిస్తుందా?

ప్రశ్న: రేడియో తరంగాలంటే శబ్ద తరంగాలేనని మా అబ్బాయి వాదిస్తున్నాడు. కాదని చెప్పగలిగాను గాని, ఎందుకు కాదో చెప్పలేకపోయాను. పైగా సెల్‌ఫోన్‌కూ, వైఫైకీ కూడా రేడియో తరంగాలే ఆధారమంటారు. పాటలూ వార్తలూ లేనిచోట ‘రేడియో’ అన్న మాట ఎందుకు?
— ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: రేడియో తరంగాలు శబ్దం కావు, వెలుగు జాతికి చెందిన విద్యుదయస్కాంత తరంగాలు. మీ ఇంట్లో మీడియం వేవ్ పట్టే రేడియో ఉంటే మీ అబ్బాయి ఈ తేడాను స్వయంగా గమనించవచ్చు. ఉరుముల వాన కురిసేటప్పుడు ఇంట్లోనే కూర్చుని, బ్యాటరీతో నడిచే సెట్టును ఏ స్టేషనూ లేనిచోటికి తిప్పి ఉంచండి. మెరుపు మెరిసిన క్షణంలోనే సెట్టు చిటపటమంటుంది. ఉరుము ఆ తరవాత తీరిగ్గా వస్తుంది. మెరుపు 3 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఉరుము మనల్ని చేరడానికి దాదాపు 9 సెకన్లు పడుతుంది. అదే మెరుపులో పుట్టిన రేడియో తరంగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది కనుక దానికి సెకనులో లక్షో వంతు చాలు. ఆ చిటపట సైతం తరంగం చేసిన చప్పుడు కాదు. తరంగం ఏరియల్‌లో పుట్టించిన అతి స్వల్పమైన విద్యుత్తును సెట్టు పెంచి స్పీకరుకు పంపుతుంది. స్పీకరు అట్ట అదిరినప్పుడే గాలిలో శబ్దం పుడుతుంది. శబ్దానికి గాలి వంటి ఆధారం కావాలి, రేడియో తరంగానికి అక్కర్లేదు; ఉపగ్రహాల సంకేతాలు శూన్యం దాటి మనకు అందుతున్నది అందువల్లనే.

ఇక పేరు సంగతి. ఇలాంటి తరంగాలు ఉండితీరాలని 1865లో మాక్స్‌వెల్ గణితంతో తేల్చగా, 1880ల చివర్లో హెర్ట్జ్ ప్రయోగాలతో నిరూపించాడు. అందుకే మొదట్లో వాటిని హెర్ట్జ్ తరంగాలనేవారు. ‘రేడియో’ అన్న మాటకు మూలం కిరణమనే అర్థమున్న లాటిన్ పదం. తీగ లేని టెలిగ్రాఫుకు ఆ మాట ముందే వాడుకలో ఉంది. పాటలు వినిపించే పెట్టెకు అది తరవాత అతుక్కుంది.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్కలో 3000 గిగాహెర్ట్జ్ కంటే తక్కువ పౌనఃపున్యమున్న (సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్న లెక్కే పౌనఃపున్యం) విద్యుదయస్కాంత తరంగాలన్నీ రేడియో తరంగాలే. 738 కిలోహెర్ట్జ్ మీద వచ్చే హైదరాబాద్ ఆకాశవాణి తరంగం పొడవు సుమారు 406 మీటర్లు, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తరంగం పొడవు జానెడు కూడా ఉండదు. తిరుపతి దగ్గర గాదంకిలో పైవాతావరణాన్ని పరిశీలించే రాడార్ 53 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆకాశంలోకి పంపుతుంది. ఇవన్నీ ఒకే కుటుంబం. మీ అబ్బాయి పాఠ్యపుస్తకంలో మైక్రోవేవ్‌లను రేడియో తరంగాల నుంచి విడదీసి చూపితే తికమక పడనవసరం లేదు. అక్కడ ఆ మాటను కొంచెం ఇరుకైన అర్థంలో వాడారంతే.