ముందు దూరం సంగతి అడగండి

మీ నగర కౌన్సిల్‌లో కొత్త కాలనీ గురించి వాదన నడుస్తోందని రాశారు. ఎక్కువ అంతస్తులు కట్టనిచ్చి, కొన్ని ఇళ్లు తక్కువ ఆదాయం వాళ్లకు ఇప్పిస్తే జనం కిక్కిరిసిపోతారా అని అడిగారు. నా మట్టుకు ఆ భయమే అక్కర్లేదు. చెన్నైలో కూవం నది ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

మా తాత నెల్లూరు వైపు నుంచి పారిశుద్ధ్య పనికి ఇక్కడికి వచ్చారు. మా వీధిలో సగానికి పైగా ఇళ్లలో తెలుగే మాట్లాడేవాళ్లు. రెండు మంచాలు వేస్తే నిండిపోయే ఇంట్లో ఆరుగురం ఉండేవాళ్లం. అంత ఇరుకులోనూ అమ్మ ఐదింటికి లేచి, పొయ్యి మీద అన్నం దించి, ఆరింటికల్లా మేస్త్రీ దగ్గర హాజరు వేయించుకునేది. ఊడ్చే వీధి నడిచి వెళ్లేంత దగ్గర.

2015 వరదల తరువాత నదుల ఒడ్డున ఉన్నవాళ్లను ఖాళీ చేయించారు. మాకు పాతిక కిలోమీటర్ల అవతల ఇల్లు వచ్చింది. మంచి ఇల్లే. వంటగది వేరు, మరుగుదొడ్డి లోపలే. మొదటిరోజు అమ్మ కుళాయి తిప్పి, కట్టేసి, మళ్లీ తిప్పి చూసుకుంది. మర్నాటి నుంచి మూడింటికే లేవాల్సి వచ్చింది.

కార్తీకమాసంలో ఒక వానరోజు తెల్లవారుజామున నేనూ అమ్మతో బయల్దేరాను. రావాల్సిన మొదటి బస్సు రాలేదు. అమ్మలాగే పనికి వెళ్లే ఆడవాళ్లు ఐదుగురు కొంగులు నెత్తిన కప్పుకుని నిలబడ్డారు. చివరికి అందరూ నడుముకు దోపుకున్న చిన్న సంచులు విప్పి, చిల్లరతో సహా లెక్కపెట్టి ఒక ఆటో మాట్లాడుకున్నారు. చేరేసరికి ఆరూ నలభై. మేస్త్రీ పుస్తకం మూసేశాడు. అమ్మ బతిమాలింది. రేపు రమ్మన్నాడు. ఆ రోజు కూలి పోయింది, ఆటో డబ్బూ పోయింది. అమ్మ అక్కడే ఒక దుకాణం అరుగు మీద కూర్చుని డబ్బా తెరిచింది. మూడింటికి వండిన అన్నం ఇంకా గోరువెచ్చగా ఉంది. నా చేత తినిపించి, "నువ్వు కాలేజీకి వెళ్లు నాయనా" అంది.

నెల తిరక్కుండా పాత వీధి పక్కనే పిన్ని వాళ్ల మేడ మీద చిన్న గది అద్దెకు తీసుకుంది. వారమంతా అక్కడ, ఆదివారం సొంతింట్లో. మా కాలనీలో చాలామంది చేసింది ఇదే. 2021 నుంచి సాధారణ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ తీసేశారు, ఆ మేలు కాదనను. కానీ పొద్దున్నే పోయే రెండు గంటలను ఏ పథకం తిరిగిస్తుంది?

1970లలో ఇదే ఊళ్లో గుడిసెలున్న చోటే మూడు నాలుగంతస్తుల ఇళ్లు కట్టారు. వాటిలో ఉన్నవాళ్లకు పని దూరం కాలేదు. 2000 నుంచి కణ్ణగి నగర్, సెమ్మంజేరి, పెరుంబాక్కం అంటూ జనాన్ని దక్షిణం వైపు తరలిస్తూ పోయారు. ఊరు ఎలా పెరగాలో చెప్పే 2008 నాటి చెన్నై రెండో మాస్టర్ ప్లాన్‌లో చక్కటి నియమం ఒకటి ఉండేది: హెక్టారు దాటిన స్థలంలో ఇళ్లు కట్టేవాళ్లు పదో వంతు భూమిని తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్లకు వదలాలి. ఒక్కో ఇల్లు 45 చదరపు మీటర్లు మించకూడదు. అదే స్థలంలో వీలుకాకపోతే 2 కిలోమీటర్ల లోపల కట్టాలి. ఆ రెండు కిలోమీటర్ల మాట రాసినవాళ్లెవరో గానీ, వాళ్లకు మా అమ్మలాంటి వాళ్ల బతుకు తెలుసు. తరువాత ఇళ్లకు బదులు రుసుము కట్టే వెసులుబాటు వచ్చింది. రుసుముతో కట్టే ఇల్లు భూమి చవకగా ఉన్న చోటే లేస్తుంది, అంటే మళ్లీ ఊరవతలే.

కిక్కిరిసిపోతామని కౌన్సిల్‌లో మాట్లాడేవాళ్లు కార్ల సంగతి ఎత్తరు. ఒక్క కారు నిలపడానికి రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు కావాలి. కారు తిప్పుకునే దారిని లెక్కలోకి తీసుకోకపోయినా, నాలుగు కార్ల చోటులో ఒక కుటుంబం బతుకుతుంది. మేం ఆరుగురం అంతకన్నా తక్కువలోనే బతికాం. చెన్నైలో 2019 నిబంధనలు ఎత్తైన భవనాలకు అంతస్తులన్నీ కలిపి స్థలం విస్తీర్ణానికి 3.25 రెట్ల నిర్మాణం అనుమతించాయి. అందుకు నాకేమీ అభ్యంతరం లేదు, కట్టనివ్వండి. ఆ భవనాల్లో ఊడ్చేవాళ్లు, వంటచేసేవాళ్లు, కాపలా కాసేవాళ్లు రాత్రికి ఎక్కడ పడుకుంటారో కూడా ఆ అనుమతి కాగితంలోనే రాయించండి.

మీరు సమావేశానికి వెళితే అంతస్తుల గురించి ఎంతసేపైనా వాదించుకోనివ్వండి. మీరు మాత్రం ముసాయిదా తెప్పించుకుని, ఇళ్లకు బదులు డబ్బు కట్టవచ్చనే వాక్యం ఉందేమో వెతకండి. ఉంటే దాన్ని కొట్టేయమని లిఖితపూర్వకంగా అడగండి. మా అమ్మ తాళికి పెట్టుకున్న పిన్నీసుకు ఇప్పటికీ రెండిళ్ల తాళంచెవులు వేలాడుతున్నాయి.