కూరగాయలు పచ్చివే తినాలా? ఉడికిస్తే విటమిన్లు పోతాయా?

ప్రశ్న: నా వయసు 46. ఈమధ్యే బీపీ, కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నాయని తేలింది. మందులు రాసి, కూరగాయలు బాగా తినమన్నారు. ఒక్కడినే ఉంటాను, వంటంటే నూనెలో వేయించడం తప్ప ఇంకేం రాదు. ఉడికిస్తే విటమిన్లు పోతాయని ఎవరో అంటే, నెల రోజులుగా అన్నీ పచ్చివే తింటున్నాను. ఒకటే గ్యాస్, కడుపు ఉబ్బరం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలేయండి. ఉడికిస్తే కొంత నష్టం ఉన్నమాట నిజమే. విటమిన్ సి, ఫోలేట్ అనే బి విటమిన్ నీళ్లలోకి దిగిపోతాయి, వేడికి కొంత తగ్గుతాయి. అయితే ఎక్కువగా పోయేది గిన్నెడు నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లను సింకులో పారబోసినప్పుడే. క్యారెట్‌లోని బీటా కెరోటిన్, టమాటాలోని లైకోపీన్ అనే పోషకాల సంగతి వేరు. కాయ ఉడికి, కాస్త నూనె తగిలితేనే వాటిని శరీరం బాగా తీసుకుంటుంది. ఇలాంటి మాటలు విని భయంతో కూరగాయలే మానేసేవాళ్లు ఉన్నారు, నా బాధ అది.

మీరు ఒక్క పద్ధతి నేర్చుకుంటే చాలు. అడుగు మందంగా ఉన్న మూకుడు, దానికి సరిపోయే మూత తీసుకోండి. బీన్స్ వండుతున్నారనుకుందాం. కడిగాకే తరగండి, తరిగాక కడగొద్దు. మూకుడు వేడెక్కాక ఒక టీస్పూను నూనె, దంచిన వెల్లుల్లి రెండు రెబ్బలు వేసి, ముక్కలు వేసి నిమిషం కలపండి. మూడు నాలుగు చెంచాల నీళ్లు చల్లి, మూత పెట్టి, మంట తగ్గించండి. ఇక ఆవిరే ఉడికిస్తుంది. ఏడెనిమిది నిమిషాలకు మూత తీసి చూడండి. ముక్క ఇంకా పచ్చగా నిగనిగలాడుతుండాలి, చాకు మొన సులువుగా దిగాలి. పచ్చదనం పోయి మట్టిరంగుకు తిరిగిందంటే ఎక్కువ ఉడికిందన్నమాట. నీళ్లు మిగిలితే పారబోయకండి, మూత తీసి నిమిషం ఉంచితే ఇగిరిపోతాయి. రంగు కోసం వంటసోడా మాత్రం వేయొద్దు. విటమిన్ సి, బి1 దెబ్బతింటాయి, మీ బీపీకి అందులోని సోడియం అదనపు భారం.

క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్ కూడా ఇంతే. పాలకూరకు కడిగినప్పటి తడే చాలు, మూడు నిమిషాల్లో గంపెడు ఆకు గుప్పెడవుతుంది. మైక్రోవేవ్ ఉంటే గాజు గిన్నెలో రెండు చెంచాల నీళ్లతో, వదులుగా మూత పెట్టి ఉడికించినా మంచిదే. ఆలుగడ్డలు తొక్కతోనే ఉడికించండి. తొక్క ఆకుపచ్చగా మారినవి, మొలకలొచ్చినవి పారేయండి, వాటిలోని సోలనిన్ అనే విషపదార్థం ఉడికించినా పోదు.

నూనె సీసాతో నేరుగా వంపకండి, చెంచాతో కొలవండి. గ్రాము నూనెకు 9 కేలరీలు, పైగా వంకాయ లాంటివి ఎంత పోస్తే అంతా పీల్చేస్తాయి. ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే ఒక టీస్పూనుకు లోపే. దించే ముందు పైన చల్లితే నాలుకకు వెంటనే తగులుతుంది, తక్కువతోనే సరిపోతుంది. నిమ్మరసం, మిరియాల పొడి వేస్తే ఆ లోటూ తెలియదు.

గ్యాస్ సంగతి. అలవాటు లేని పీచు ఒక్కసారిగా పెరిగితే ఉబ్బరం మామూలే. కూరగాయలు, పండ్లు కలిపి రోజుకు 400 గ్రాములు మన లక్ష్యం. రెండు మూడు వారాల్లో మెల్లగా అక్కడికి చేరండి, నీళ్లు బాగా తాగండి. పచ్చివి తినాలనిపిస్తే కీర, టమాటా కొద్దిగా తినొచ్చు.

రెండు జాగ్రత్తలు. కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్షలో మీ క్రియాటినిన్ ఎక్కువగా ఉంటే పొటాషియం తగ్గించాల్సి రావచ్చు, అప్పుడు మాత్రం ఎక్కువ నీళ్లలో ఉడికించి వంపేయడమే సరైన పద్ధతి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడుతుంటే ఆకుకూరలు ఒకరోజు బోలెడు, ఒకరోజు సున్నా అన్నట్టు కాకుండా ఒకే మోతాదులో తినండి. బీపీ మాత్రలు మాత్రం ఆపొద్దు. మూడు వారాలైనా ఉబ్బరం తగ్గకపోయినా, బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవండి.